రేచీకటి

పదకొండో టోకెన్ పిలిచేసరికి ఆ పెద్దాయన లేచి వచ్చి, రెండో తరగతి పిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆదివారం ఉదయాల్లో ఆ బడి ఉచిత న్యాయ సలహా కేంద్రంగా మారుతుంది. ఎక్కాల పట్టిక కింద ఒక లాయరు, జంతువుల బొమ్మల కింద ఇంకొకాయన, కిటికీ పక్కన లాయరమ్మ. ఫీజు మాటే లేదు. పొద్దుటి నుంచి ఆమె పక్కింటి తూము తగువు ఒకటి, సర్టిఫికెట్లో అక్షరం తప్పు ఒకటి, మొగుడూ పెళ్ళాల పంచాయితీలు రెండు విన్నది. ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి కావలసింది చట్టం కాదు, చెవి.

"చెప్పండి బాబాయిగారూ."

"చచ్చిపోయినవాడి మీద పడ్డ నింద తుడవొచ్చా అమ్మా?"

గోడ గడియారం వైపు పోబోతున్న ఆమె చూపు ఆగిపోయింది.

ఆయన తడుముకోకుండా చెప్పుకొచ్చాడు. పందొమ్మిదేళ్ళ కిందట ఒక దూది గోడౌను తగలబడింది. లోపల పడుకున్న కూలీ కాలిపోయాడు. వారం ముందు పనిలోంచి తీసేసిన ఇరవై రెండేళ్ళవాడే కసికొద్దీ నిప్పుపెట్టాడన్నారు. చీకటి పడ్డాక వాడు గోడ దూకడం కళ్ళారా చూశానని ఎదుటి షెడ్డు కాపలావాడు చెప్పాడు. సాక్షి అతనొక్కడే. యావజ్జీవం పడింది. పైకోర్టు కూడా ఖాయం చేసింది. శిక్ష పడిన తొమ్మిదో ఏట జైల్లో జ్వరం వచ్చి పోయాడు.

తేదీలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఒక సెక్షను ఆమె తప్పు చెబితే మెల్లగా సరిదిద్దాడు కూడా. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి పాపం సగం లాయరైపోయాడు అనుకుందామె.

"విచారణకి మీరు వెళ్ళేవారా?"

"ఒక్క వాయిదా కూడా తప్పలేదు."

"మరి ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు..."

"పోయిన నెల కంటి ఆపరేషనుకి వెళ్ళాను. కట్టు కట్టి పడుకోబెట్టారు. పక్క మంచం మీద ఎవరో నర్సుతో అంటున్నాడు, 'నాకు చిన్నప్పట్నుంచీ రేచీకటి తల్లీ, దీపాలు పెట్టే వేళైతే గోడ పట్టుకుని నడవాల్సిందే' అని. రెండో కంట్లోనూ పొర, మనిషి కనబళ్ళేదు. గొంతు గుర్తుపట్టాను. బోనెక్కి రెండు రోజులు మాట్లాడిన గొంతు."

"కాపలావాడా?"

ఆయన తలూపాడు.

"రేచీకటి ఉన్నవాడు రాత్రి కాపలా ఎలా కాశాడండీ?"

"దాచుకుని కాశాడు. ఏమీ చూళ్ళేదంటే ఎందుకు చూళ్ళేదంటారు, గుట్టు బయటపడి ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. నీకు తోచిన ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు ఎవరికీ తోచలేదమ్మా. నాకూ తోచలేదు."

మూడు రోజులు ఆ మంచం పక్కనే కూర్చుని రాయించుకున్న వాంగ్మూలం బల్ల మీద పెట్టాడు. కింద సంతకం. వెనక, అది చిన్నప్పటి రేచీకటేనని కంటి డాక్టరిచ్చిన కాగితం. లాయరమ్మ రెండుసార్లు చదివింది.

"ఇది చాలా గట్టిది బాబాయిగారూ. తెలిసిన లాయర్లెవరినీ అడగలేదా?"

"అడిగాను. పూడ్చిన గొయ్యి తవ్వొద్దు, పోయేది మీ పరువే అన్నారు."

"అబ్బాయి మీతో ఏమీ అన్లేదా?"

ఆయన కిటికీలోంచి ఆటస్థలం వైపు చూస్తూ చెప్పాడు.

"శిక్ష చదివిన రోజు నావైపే చూశాడు. 'నేను కాదు, నమ్మండి' అన్నాడు."

"మీరు?"

"నమ్మలేదు."

అయినవాడే నమ్మకపోతే లోకం ఏం నమ్ముతుంది అనుకుందామె.

"ఇప్పుడు కన్ను మూస్తే వాడే, తెరిస్తే వాడే. రెండో కంటికి ఆపరేషను వద్దన్నాను. ఒక కంటికే ఇంత స్పష్టంగా కనిపిస్తున్నాడు మరి. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో నా భుజం వెనక నిలబడతాడు. తిట్టడు, ఏడవడు. ఊరికే నిలబడతాడు. తిట్టినా బాగుణ్ణు."

ఆమె తనకు తెలియకుండానే ఆయన భుజం వెనక్కి చూసింది. వరసగా ఖాళీ బెంచీలు.

"అబ్బాయి తల్లి ఉన్నారా?"

"ఉంది. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. హంతకుడి తల్లి అని ఆ వీధివాళ్ళు జాకెట్టు ముక్క కూడా ఇవ్వరు. పై వీధుల నుంచి తెచ్చుకుంటుంది."

"మీరు కలిసి ఉండట్లేదా?"

"మూడుసార్లు ఆ మలుపు దాకా వెళ్ళాను. మిషను చప్పుడు వినబడుతుంది. ఇక కాళ్ళు రావు."

మొగుడూ పెళ్ళాలు విడిపోయారన్నమాట. బిడ్డ పోయిన ఇళ్ళల్లో అలాగే జరుగుతుంది. ఆమె మరి రెట్టించలేదు.

"నేను అర్జీ రాసిస్తాను, దాని నకలు పట్టుకుని ఈసారి మలుపు దాటండి. ఆవిడ తలుపు వేసేస్తే వేసేయనివ్వండి. కాగితం మాత్రం చేతికివ్వండి."

"సరేనమ్మా."

కేసు తనే వాదిస్తానని చెప్పి ఆమె అర్జీ రాయడం మొదలుపెట్టింది. పన్నెండో టోకెన్ మనిషి విసుక్కుని జంతువుల బొమ్మల వైపు వెళ్ళిపోయాడు. ఒక్కో వాక్యం చదివి వినిపిస్తుంటే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని విన్నాడు. మృతుడి పేరు రాసింది. జైలు పేరు రాసింది. కింద 'మృతుడికి అర్జీదారు ఏమవుతారు' అన్న గడి దగ్గర, అడిగేదేముందిలే అని, 'తండ్రి' అని రాయబోయింది.

ఆయన చెయ్యి చాచి కాగితం మీద అడ్డం పెట్టాడు.

"వాడికి శిక్ష వేసిన జడ్జిని అని రాయమ్మా."