స్ట్రాబెర్రీ పాలు

"పోయిన కొడుకు తద్దినానికి స్ట్రాబెర్రీ పాలా పెద్దమ్మా? ఒక సోజు సారా సీసా పట్టుకెళ్లు. డబ్బులొద్దులే," అంది యోన్‌జు.

"నాకా వాసన పడదే," అంది మల్సున్. పాల ప్యాకెట్టూ స్పాంజి కేకూ బుట్టలో సర్దుకుంది.

యోన్‌జు నోరు మూసుకుంది. అలా జరగడం చాలా అరుదు. పోయిన వసంతంలో కోడలిగా వచ్చి, బస్టాపు ఎదురుగా అత్తగారి కొట్లో కూర్చున్నప్పటి నుంచి ఊరి సంగతులన్నీ ఆమెకు తెలుసు. అన్నీ సగం సగమే. మల్సున్ సంగతీ అంతే. సముద్రంలో మునిగి గుల్లలు తెచ్చుకుని బతికే మనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు కమలాపళ్ల ట్రక్కు నడుపుతూ తోటల మలుపులో ప్రమాదంలో పోయాడు. ఎదురుగా వచ్చింది అద్దె కారు. తాగి నడపబట్టే అంత ఘోరం జరిగింది.

అంతవరకు వింటే చాలు. సెలవులకు జనం వచ్చిపడే ఈ జెజు దీవిలో అద్దె కారనగానే మిగతాది ఎవరూ అడగరు.

నంబరులో 'హో' అక్షరం ఉంటే అది అద్దె కారని ఊళ్లో చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఆ అక్షరం కనబడితే చాలు, యోన్‌జు రోడ్డు దిగి రాతిగోడకు అతుక్కుని నిలబడుతుంది. సరదాకని వచ్చి, తాగి, ఊరి రోడ్డును సొంత పెరడనుకునేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

మధ్యాహ్నం బస్సు ఆగింది. ఒకాయన కుంటుకుంటూ దిగాడు. చేతిలో బేరిపళ్ల సంచి.

"వచ్చారా బాబూ!" మల్సున్ ఎదురువెళ్లింది. ఆయన కన్నా ముందే, ఆయన కన్నా కిందికి వంగి నమస్కరించింది. "మళ్లీ చిక్కిపోయారు. అన్నం తింటున్నారా అసలు?"

"తింటున్నానమ్మా."

"అబద్ధం."

ఆయన్ని కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా కోసం లోపలికి వచ్చింది.

"ఎవరు పెద్దమ్మా ఆయన?"

"తక్ గారే. ఆ రోజు అద్దె కారులో ఉన్నాయన." మల్సున్ గొంతు తగ్గించింది. "ఏటా ఇదే రోజున వస్తారు. ఏటా నేను గుల్లల జావ కాచి తీసుకెళ్తాను. ఒక్క చెంచా ముట్టరు. ఈసారైనా ఒక్క ముద్ద తింటే నా ప్రాణం కుదుటపడుతుందే."

బుట్టలో సీసా పట్టలేదు. కొన్ని సామాన్లు తీసి బల్ల మీద పెట్టి, సీసా నింపడానికి పెరట్లోని కుళాయి దగ్గరికి వెళ్లింది.

యోన్‌జు ఇక ఆగలేకపోయింది. కొట్టు దిగి ఆయన ముందు నిలబడింది.

"మీకేమండీ, నాలుగు రోజులు తిరిగిపోదామని వస్తారు. తాగుతారు, కార్లెక్కుతారు. ఇక్కడా మనుషులుంటారని గుర్తుండదా?"

ఆయన తలెత్తలేదు. "సెలవులకే వచ్చామమ్మా. ఆ కారు అద్దెకు తీసుకుంది నేనే."

"తాగారా లేదా? అది చెప్పండి."

"తాగాను. ఒడ్డున భోజనం చేశాం. బియ్యపు కల్లు బాగుందని రెండు గిన్నెలు..."

"రెండు గిన్నెలకే ఏమవుతుందిలే అనుకున్నారు!"

ఆయన పళ్ల సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇంతలో మల్సున్ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ గాలికి ఎదురు నడుస్తూ మలుపు వైపు వెళ్లారు.

బాగా కడిగేశానన్న తృప్తి యోన్‌జుకు ఎంతోసేపు నిలవలేదు. ఏమీ ఎదురు చెప్పని మనిషిని తిడితే మనసులో ఏదో ముల్లు మిగిలిపోతుంది. కాసేపటికి బల్ల మీద పాల ప్యాకెట్ కనబడింది. మల్సున్ మరిచిపోయింది. కొట్టు తలుపు దగ్గరకు లాగి, ప్యాకెట్ పట్టుకుని తనూ మలుపు దారి పట్టింది.

అక్కడ గోడ పక్కన చాప పరిచి ఉంది. కేకు, బేరిపళ్లు, కాల్చిన చేప. మల్సున్ నుదురు చాపకు ఆనించి మోకరిల్లింది. ఆయన మాత్రం మోకరిల్లలేదు. నల్లరాళ్ల గోడను అరచేత్తో నిమురుతూ నిలబడ్డాడు. యోన్‌జుకు మళ్లీ ఒళ్లు మండింది.

మల్సున్ లేచి, జావ గిన్నె మూత తీసింది. చెంచా నింపి రెండు చేతులతో ఆయన ముందు పట్టుకుంది. జావ చుక్కలు చుక్కలుగా చాప మీద పడింది.

ఆయన ఆ చేతుల వంక చూశాడు. తర్వాత వంగి, ఆమె చేతిలోంచే తాగాడు. ఇంకో చెంచా తాగాడు. "ఉప్పు సరిపోయిందమ్మా," అన్నాడు.

మల్సున్ ఒక్కసారిగా గొల్లుమంది. ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా బయటికి వచ్చినట్టు ఏడ్చింది. ఆయన పక్కన కూలబడి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

"పెద్దమ్మా!" యోన్‌జు గొంతు చించుకుంది. "కొడుకును పొట్టన పెట్టుకున్నవాడికి నీ చేత్తో తినిపిస్తున్నావా? నీకు బాధగా లేదూ?"

మల్సున్ కళ్లు తుడుచుకుంది. యోన్‌జు చేతిలోని ప్యాకెట్ తీసుకుని, స్ట్రా గుచ్చి, కేకు పక్కన జాగ్రత్తగా నిలబెట్టింది.

"ఈ పాలు ఈయన కూతురికే పిల్లా, రెండు గిన్నెలు తాగానని ఆ రోజు ఈయన కారు తాళాలు భార్య చేతిలో పెట్టారు, కడుపు నిండా తాగి ట్రక్కెక్కి ఆ తల్లీబిడ్డల్ని పొట్టన పెట్టుకున్నవాడు నా కొడుకు."