గ్యాలరీలో అమ్మ

"మా కొండవైపు రోడ్డు ఎప్పుడు బాగుచేస్తారు అధ్యక్షా?" అని ఆ ప్రాంతపు సభ్యురాలు అడిగింది.

రోడ్ల మంత్రి లేచి, అధికారులు రాసిచ్చిన జవాబు చదివాడు. "ఆ రోడ్డు బాగానే ఉంది అధ్యక్షా. రాకపోకలకు ఏ ఇబ్బందీ లేదు."

"ఓరి అబద్ధాలకోరూ!"

సభ మొత్తం తల పైకెత్తింది. సందర్శకుల గ్యాలరీలో మంత్రిగారి తల్లి కొంగు బిగించి నిలబడి ఉంది.

"ఆ గుంతల్లో పడి లేచి వచ్చేసరికి నా నడుం విరిగింది. మన పక్కింటి కోడలు ఆసుపత్రికి చేరకముందే జీపులో కన్నది. బాగుందంటావా? నీ నోట్లో మన్ను పొయ్య! ఆ మన్నేదో గుంతల్లో పోస్తే రోడ్డన్నా బాగుపడుతుంది!"

ప్రతిపక్షం బల్లలు చరిచింది. అధ్యక్షుడు నవ్వాపుకుంటూ ఆమెను బయటికి పంపమన్నాడు. మంత్రి తలదించుకున్నాడు.

ఇన్నాళ్లూ ఆ రోడ్డు ఫైలును తొక్కిపెట్టిన ఆర్థికమంత్రికి మాత్రం చెమటలు పట్టాయి. టీవీల్లో జనమంతా చూస్తున్నారు. గబుక్కున లేచి, నిధులు ఈ నెలలోనే ఇస్తామని సభాముఖంగా మాటిచ్చేశాడు.

సభ ముగియగానే రోడ్ల మంత్రి పరుగున బయటికొచ్చాడు. తల్లి మెట్లమీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. అటూ ఇటూ చూసి, ఆమె పక్కన చతికిలబడి గుసగుసగా అడిగాడు.

"అమ్మా, లేచి అబద్ధమని ఒక్క మాట అనమన్నాను గానీ, అన్ని తిట్లు తిట్టమన్నానా?"

"ఆ ఒక్క మాటే నీకోసం అన్నాన్రా. మిగతావన్నీ నువ్వు మంత్రివైనప్పటి నుంచీ నేను దాచుకున్నవి."