జోగులమ్మ చేతి పచ్చబొట్టు

"ఈ అవ్వ మీ ఇంటామెనేనా, అక్కా?"

వాకిట్లో పచ్చబొట్లు పొడిచే ఆమె నిలబడి ఉంది. చంకలో సూదుల బుట్ట. ఆమె చెయ్యి పట్టుకుని జోగులమ్మ.

సుగుణమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి అత్త కోసం గోపాల్‌పేటంతా గాలించింది మరి.

"యాడ దొరికింది?"

"పెద్దమందడి తొవ్వల. ఊరేదంటే చెప్పలే. పేరడిగితే నవ్వింది. ఊరూర అడుగుకుంట తెచ్చిన. ఏం పేరక్కా?"

"జోగులమ్మ. నాగన్న తల్లి. ఎందుకు?"

ఆమె ఆ పేర్లను పెదాల మీదే మరోసారి అనుకుంది. జోగులమ్మ కోడలి ముఖంలోకి చూసి, "ఎవ్వరు బిడ్డా నువ్వు? నేను మా ఇంటికి పోవాలె," అంది.

రెండేళ్లుగా ఇదే తంతు. ముసలామెకు మతి పోయిందని ఊరు తేల్చేసింది. ఊరికేం, కాపలా కాసేది సుగుణమ్మ కదా! పొయ్యి దగ్గరున్నా, చేలో ఉన్నా అత్త కొంగును తన కొంగుకు ముడేసుకునేది. అయినా ఏదో ఒక పూట ముడి ఊడేది.

"అత్తను జర చూస్తుండు. నీళ్లు తెస్త," అని బిందె ఎత్తుకుంది.

తిరిగొచ్చేసరికి జోగులమ్మ అరుగు మీద బుద్ధిగా కూర్చుని పచ్చబొట్ల ఆమె పాట వింటోంది. ముంజేతి నిండా నల్లటి గీతలు, నెత్తురు చుక్కలు.

"అయ్యయ్యో! ఏం చేసినవే?"

కేక విని ఆమె మొగుడు నాగన్న దొడ్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"రేపు మల్ల తప్పిపోతది, అన్నా, గందుకే..."

"మా అవ్వ తప్పిపోతదని శాపం పెడుతున్నవా?"

అపశకునం మాటకు అతనికి ఒళ్లు మండింది. బుట్ట వీధిలోకి విసిరాడు. సూదులు విరిగాయి. ఆమె వాటిని ఏరుకుని వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. చూడవచ్చిన ఇరుగుపొరుగుకూ రాదు. అయినా అందరూ "చేతబడే" అన్నారు.

"కృష్ణల ముంచితే దిగిపోతది," అన్నాడు నాగన్న.

శివరాత్రికి బండి కట్టుకుని సోమశిల పోయారు. అత్తకు స్నానం చేయించాలని సుగుణమ్మ కొంగు ముడి విప్పింది. తడి చీర పిండి తలెత్తేసరికి అత్త లేదు.

జనమా అది! ఇసుక వేస్తే రాలదు.

"అత్తా! ఓ అత్తా!"

పుట్టి నడిపేవాళ్లను అడిగారు. సత్రాలు వెతికారు. ఆఖరికి నాగన్న నడుం లోతు నీళ్లలో దిగి కాళ్లతో అడుగు తడిమాడు. అది చూడలేక సుగుణమ్మ కళ్లు మూసుకుంది.

"ముడి నేనే ఇప్పిన. నేనే సంపిన," అని తల బాదుకుంది.

మూడు రోజులు ఇద్దరికీ గంజి గొంతు దిగలేదు. నాలుగో రోజు ఉత్త చేతులతో ఇల్లు చేరారు.

ఆ మధ్యాహ్నమే వాకిట్లో ఒక బండి ఆగింది. కొల్లాపురం వైపు పిల్లలకు చదువు చెప్పే పంతులు ప్రభుదాసు జోగులమ్మను మెల్లగా దింపాడు.

"అవ్వా!" నాగన్న తల్లిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా ఊరెట్ల తెల్సింది, పంతులూ?"

"మా తొవ్వల దొరికింది. ఊరు చేతి మీద ఉన్నది కద." ప్రభుదాసు వేలు పెట్టి చదివాడు. "జోగులమ్మ. నాగన్న తల్లి. గోపాల్‌పేట."

సుగుణమ్మ అత్త చేతిని కళ్లకద్దుకుంది. ఎంత పాపం చేశారో ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

"ఆమె సూదులు ఇరగ్గొట్టి ఎల్లగొట్టిన, పంతులూ. యాడుంటదో చెప్పు, కాళ్ల మీద పడ్త."

"గిట్ల ఊరు పేరుతోని పొడిచేది ఒక్కతే. మా దిక్కు గూడ వస్తుండె. ఒక్క తాన ఉంటె గద చెప్పెతందుకు!"

"ఎందుకట్ల తిరుగుతది?"

ప్రభుదాసు జోగులమ్మను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఇంతమంది చేతుల మీద పేర్లు పొడిచింది గని, మతి తప్పిన కన్నతల్లికి పొడవలే. ఆ తల్లి తప్పిపోయి ఆరేండ్లాయె, నాగన్నా, ఇంకా ఎతుక్కుంటనే తిరుగుతుంది."