బావ బదులు పరీక్ష

"పరీక్షల నా బదులు నువ్వు కూసోవాలె బామ్మర్దీ," అన్నాడు దినేశ్.

సాయిచంద్ నోటి దాకా వచ్చిన చాయ్ గ్లాసు అక్కడే ఆగింది. వైర్‌మన్ పర్మిట్‌కు ఓరల్ పరీక్ష. బావ పేరు చెప్పుకుని తాను లోపలికి పోవాలి. దొరికితే పోలీసు కేసు.

"నీకేమైంది బావా? చందానగర్‌ల సగం ఇండ్లకు వైరింగ్ చేసింది నువ్వే గదా."

"చేతులకు పని వస్తది. సార్ల ముంగట నోరే లేస్తలేదు. రాయదుర్గంల ఒక ఆఫీసు వైరింగ్ పని ఇస్తమంటున్నరు. పర్మిట్ లేకుంటే అది పోతది. మళ్ల ఇంకొకని కిందనే పని."

సాయిచంద్ అక్క వైపు చూశాడు. తప్పుడు పని ఎవరు చేసినా రోహిణి ఊరుకోదు, మొగుణ్ణయినా సరే. ఆమె పెనం మీద దోసె తిప్పుతూ, "బావకు గీ మాత్రం చెయ్యవారా?" అంది.

బావ వెంట తిరిగి సాయిచంద్ పని నేర్చుకున్నాడు. పరీక్ష అంటేనే అతనికి భయం. ఐటీఐలో హాలు గేటు దాకా పోయి, అటునుంచి అటే ఇంటికొచ్చిన మనిషి. అయినా ఇది తన పరీక్ష కాదు.

"ఫెయిలైతే పోయేది నీ పేరే. నాకేంది ఫికర్?" అని ఒప్పుకున్నాడు.

పని నుంచి రాగానే చదువు మొదలయ్యేది. దినేశ్ ప్రశ్నలు అడిగేవాడు. రోహిణి వంటింట్లోంచి తప్పులు పట్టేది.

"ఫ్యాన్ స్విచ్ న్యూట్రల్ వైరు మీద పెడితే ఏమైతది? ఫ్యాన్ తిరుగుతది గదా?"

"తిరుగుతది. కాని బంద్ చేసినంక కూడ ఫ్యాన్‌ల కరెంటు ఉంటది. రెక్కలు తుడువనీకి ఎక్కినోడు పోతడు."

"పోతడు అనకు. ప్రమాదం అను. సార్లు అడుగుతున్నరు, దోస్తులు కాదు," అంది రోహిణి.

పరీక్ష రోజు దినేశే బండి మీద తీసుకుపోయాడు. "దరఖాస్తు మీద నీ ఫొటోనే అంటించిన. ఎవ్వనికీ అనుమానం రాదు. లోపట నీ పేరు మాత్రం నోట్లకెళ్లి రావొద్దు," అన్నాడు. హాల్ టికెట్ గుమాస్తాకు తానే ఇచ్చి, గేటు బయట నిలబడ్డాడు.

నంబరు పిలిచారు. బల్ల వెనక యాదయ్య అనే అధికారి ఉన్నాడు.

"మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ పిన్నే ఎందుకు పొడుగు?"

"పెట్టేటప్పుడు ముందు ఎర్తే తగలాలె సార్. తీసేటప్పుడు అదే చివరికి ఊడాలె. నడుమ మిషన్ బాడీకి కరెంటు వచ్చినా మనిషికి ప్రమాదం ఉండదు."

"లీకేజీ అయితే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ పెట్టినం. ఇగ ఎర్తింగ్ దండగే గదా?"

"దండగ కాదు సార్. లీకైన కరెంటు పోనీకి ఎర్తింగ్ ఉంటే అప్పుడే ట్రిప్ అయితది. లేకుంటే ఎవరన్నా ముట్టుకునేదాక ఆగుతది."

ప్రశ్నలు ఇంకా నడిచాయి. సాయిచంద్ ఎక్కడా తడుముకోలేదు. చివరికి యాదయ్య పెన్ను మూశాడు.

"బాగ చెప్పినవ్ సాయిచంద్. పాసైనవ్."

లేవబోయిన సాయిచంద్ మళ్లీ కుర్చీలో పడ్డాడు. తన పేరు తాను చెప్పలేదు. అది గట్టిగా గుర్తుంది. అంటే ఎవరో చెప్పేశారు. గేటు బయట బావ ఉన్నాడు. ముందు పట్టుకునేది ఆయననే.

"తప్పయింది సార్," అన్నాడు. "మా బావనేమనకుండ్రి. ఆయన వద్దనే అన్నడు. నేనే జిద్దు చేసి వచ్చిన. కేసు నా మీద రాసుకోండ్రి. ఆయన పర్మిట్ ఆపకుండ్రి."

"ఎవరయ్యా మీ బావ?"

"దినేశ్, సార్. చందానగర్. ఈ పరీక్షకు రావాల్సింది ఆయన."

యాదయ్య కళ్లద్దాలు తీశాడు. కిటికీలోంచి గేటు వైపు చూశాడు. నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేకపోయాడు.

"దినేశ్ నిరుడే పాసైండు. ఇయ్యాల పరీక్ష నీదేనయ్యా, దరఖాస్తు కూడ నీ పేరు మీదనే ఉన్నది."