గిన్నె అడుగున పేరు

“ఆ గిన్నె తిప్పకు,” అంది లవర్న్.

పోలీసు అధికారి కీల్ చెయ్యి ఆగింది. బాల్టిమోర్‌లోని ఆ వీధి జనమూ పోలీసులూ కలిసి చర్చి కింది హాల్లో తుపాకుల అప్పగింత పెట్టుకున్న శనివారం అది. ఎవరైనా తుపాకీ తెచ్చి అక్కడ వదిలిపోవచ్చు, ఎవరినీ ఏమీ అడగరు. పోలీసులతో పోట్లాడి ఆ షరతు ఒప్పించింది వీధి సంఘం పెద్ద లవర్నే. పొద్దుటినుంచీ తుపాకీ పట్టుకుని పురుగు కూడా రాలేదు. తీరా వీధివాళ్ళు వంటలు తెచ్చి పెట్టిన భోజనాల బల్ల మీద, రేకు కాగితం కప్పిన గాజు గిన్నె ఒకటి విప్పితే, అందులో తుపాకీ ఉంది. పెట్టిందెవరో చూసినవాళ్ళు లేరు.

నిరుడు లవర్న్ పెద్దకొడుకు రోడెల్‌ని కాల్చి చంపింది అలాంటి తుపాకీతోనే. ఆ కేసు కోసం కీల్ చెప్పులరిగేలా తిరిగాడు. నోరు విప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ వీధి ఆడవాళ్ళు గిన్నె అడుగున టేపు అంటించి పేరు రాసుకుంటారు. లేకపోతే చావు జరిగిన ఇళ్ళకు వంటలు మోసిన గిన్నెలు మళ్ళీ సొంత ఇంటి ముఖం చూడవు. తెచ్చిన మనిషి కంగారులో ఆ సంగతి మరిచినట్టుంది.

“మనుషుల్ని అడగనన్నాను. గిన్నెని అడగనన్నానా?” అన్నాడు కీల్.

“పేరు బయటపడితే మా చిన్నోడు ఊరుకోడు నాయనా. వాడు వాళ్ళింట్లో ఒకణ్ణి, వాళ్ళు మా ఇంట్లో ఇంకొకణ్ణి. నాకిక ఏడ్చే ఓపిక లేదు.”

అతను తిప్పేశాడు. టేపు మీద లవర్న్ పేరే ఉంది.

కీల్ కుర్చీలో కూలబడ్డాడు. గిన్నె తనదేనని, ఎవరింట్లోనో చావైతే మెకరోనీ వండి పంపానని ఆమె ఒప్పుకుంది. ఏ ఇంటికంటే, ఈ వీధిలో చావులకేం కరువు, అన్నీ ఎక్కడ గుర్తుంటాయంది. అబద్ధమని అతనికి తెలుస్తూనే ఉంది. కోపం తెచ్చుకునే శక్తి కూడా లేదు.

“మీ రోడెల్‌ని చంపినవాడు దొరకాలని మీకు లేదా అమ్మా?”

లవర్న్ గోటితో మెల్లగా ఆ టేపు పీకింది.

“ఆ చంపినవాడూ పోయాడు నాయనా. వాడేనని తెలిసే, వాడి చావుకి ఆ మెకరోనీ వండి పంపాను.”