ఇరవై నిమిషాలకోసారి

“ముల్లు తనంతట తనే లేచి వెనక్కి వెళ్ళిపోయేది కావాలండీ. మధ్యలో మనిషి నిద్రపోయినా ఫర్వాలేకుండా ఉండాలి,” అందామె.

షాపాయన అప్పుడే బయటికి తీసిన తళతళలాడే టర్న్‌టేబుల్‌ని, అదే పాటల రికార్డులు తిప్పే పెట్టెని, మళ్ళీ అరలో పెట్టేశాడు. ఉదయం నుంచీ ఆయన షాపు మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. యాభై దాటి ఉంటాయి. వచ్చి పావుగంటైనా ఒక్కదాన్నీ బావుందని గానీ బాలేదని గానీ అనలేదు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో మాత్రం పరీక్షకెళ్ళే పిల్లలా చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటోంది.

“ఎవరికమ్మా?”

“ఒకాయనకి. ఇలాంటిది ఎప్పుడూ ముట్టుకుని ఎరగరు. వాళ్ళ మేనమామ పోతూ పోతూ పెట్టెడు రికార్డులు ఇచ్చి వెళ్ళాడు. ఆదివారం వస్తే చాలు, అన్నీ బయటికి తీసి తుడుచుకుంటారు, అట్టల మీద రాసింది చదువుకుంటారు, మళ్ళీ సర్దేస్తారు.”

“తుడుచుకోవడమేనా, వినేది లేదా!” షాపాయనకి నవ్వొచ్చింది. “పెళ్ళిచూపులకెళ్ళి ఫొటో చూసి వచ్చేసినట్టుంది.”

“కొంటానని ఎన్నిసార్లు అడిగారో. భార్య కొననిచ్చేది కాదు. ఇరుకింట్లో ఇదొక్కటే తక్కువైంది అనేది.”

“గట్టావిడే.”

“గట్టిదే,” అందామె. “బుద్ధి లేనిది.”

ఇంకొకరి పెళ్ళాన్ని ఇంత చనువుగా తిట్టిందంటే ఆడపడుచే అయ్యుంటుంది అనుకున్నాడు షాపాయన.

“ఆయనకి పాలు కాచుకోవడం కూడా రాదండీ. బీరువాలో తన చొక్కాలు ఏ అరలో ఉంటాయో తెలీదు. ముప్ఫయ్యేళ్ళూ అన్నీ భార్యే చూసుకుంటూ వచ్చింది. పిల్లా జెల్లా లేరు. సాయంత్రం తాళం తీసుకుని లోపలికొస్తే పలకరించే దిక్కుండదు. కనీసం ఒక పాటైనా వినబడితే...”

షాపాయనకి సంగతి అర్థమైంది. తన భార్య పోయి కూడా మూడేళ్ళే అయింది.

“మీరడిగింది ఇదిగో,” అంటూ కింది అరలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. “ఒక్క మీట నొక్కితే చాలు, ముల్లు తనే దిగుతుంది, తనే లేస్తుంది. కానీ నా మాట వింటే ఇది ఇవ్వకండి.”

“ఏం?”

“మనిషిని కుర్చీకి అతికించేస్తుంది. అనుభవం మీద చెప్తున్నానమ్మా. మా ఆవిడ పోయిన కొత్తల్లో రెండు నెలలు పాట జోలికే పోలేదు. పాటలమ్ముకుని బతికేవాణ్ణి, నాకు పాటంటే భయం! కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాణ్ణి, లేదంటే కూర్చున్నచోటే తెల్లారిపోయేది. చివరికి ఇది కాదు, అదిగో అలాంటిది ఇంటికి పట్టుకెళ్ళాను.” పక్కనున్న మామూలు దాని మూత ఎత్తాడు. “దీనికి మనమే ముల్లు పట్టుకుని దించాలి. ఇరవై నిమిషాలకి ఒక వైపు అయిపోతుంది. లేచి తిరగెయ్యాలి. చెయ్యి వణికిందా, రికార్డు గీరుకుపోతుంది. ఎంత ఏడుపులో ఉన్నా చెయ్యి కుదురుగా పెట్టుకోవాలి. ఆ లేవడమే నన్ను బతికించింది. ఎలాగూ లేచాను కదాని మంచినీళ్ళు తాగేవాణ్ణి. తర్వాత్తర్వాత పొయ్యి వెలిగించడమూ వచ్చింది.”

ఆమె రాయడం ఆపేసి ఒకదాని వెనక ఒకటి అడిగింది. మొదట్లో ఏం తినేవారు? నిద్ర పట్టేదా? ఎవరైనా వచ్చి కూర్చుంటే బావుండేదా, విసుగనిపించేదా? ఆవిడ బట్టలు ఏం చేశారు?

ఈ మూడేళ్ళలో ఆయన్ని ఇవన్నీ అడిగిన నాథుడు లేడు, సొంత తోబుట్టువులతో సహా. అందుకేనేమో ఏదీ దాచుకోకుండా చెప్పాడు.

“సరే, మామూలుదే ఇవ్వండి,” అందామె. “కట్టి ఇక్కడే ఉంచండి. ఎప్పుడు పంపాలో మా పక్కింటావిడ ఫోన్ చేస్తుంది.”

కన్నీళ్ళు ఆరకముందే పాటలపెట్టె పంపితే బావుండదని కాబోలు అనుకుని తలూపాడాయన.

“ఒక్కటి అడగనా?” ఆమె తలెత్తలేదు. “మీ ఆవిడ పోయేముందు మీకోసం ఏం చేసి ఉంటే బావుండేదనిపిస్తుంది?”

షాపాయన గుడ్డ తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న మూతని కాసేపు తుడిచాడు.

“ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. చెప్పి ఉంటే చాలు. జబ్బు సంగతి నా దగ్గర దాచింది, నేను బెంగపెట్టుకుంటానని! పక్కింటివాళ్ళకి తెలుసు, మా తోడల్లుడికి తెలుసు. నాకొక్కడికే తెలీదు. మిగిలిన ఆ నాలుగు నెలలూ నేనేం చేశానో తెలుసా? అన్నం సరిగ్గా తినట్లేదని రోజూ దాంతో పోట్లాడాను. తెలిసుంటే పక్కన కూర్చునేవాణ్ణి కదా.” “మూడేళ్ళైంది. దుఃఖం కాస్త తగ్గింది గానీ దాని మీద ఆ కోపం మాత్రం పోలేదు.”

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

“ఇక్కడ ఉంచకండి. ఇవాళే తీసుకెళ్తాను,” అంది. “ఎవరైనా ఉంటే బండి పిలిపించండి.”

షాపాయన పెట్టె గట్టిగా కట్టాడు. ముల్లు అరిగినప్పుడు ఫోన్ చేసి గుర్తుచెయ్యడానికి వివరాలు రాసుకోవడం ఆయన అలవాటు. ఆమె ఆయనగారి పేరు చెప్పింది, నంబరు చెప్పింది. తన నంబరు అడిగితే మాత్రం అక్కర్లేదంది.

“పోనీ, మీరు ఆయనకి ఏమవుతారో చెప్పండమ్మా, పక్కన రాసుకుంటాను. అక్కగారా, చెల్లెలా?”

“భార్యని.”