దుర్గం చెరువులో ముంచిన ప్రొపెల్లర్

రాజేందర్ ప్రొపెల్లర్‌ను దీవెన ముఖం ముందు ఆడించాడు. "కండ్లు తెరిచి సూడు. వానకాలమంతా దుర్గం చెరువుల మునిగింది. ఒక్క గుల్లన్నా పట్టిందా?"

"సముద్రంలో పరీక్షించనిదే సంతకం పెట్టనండి."

పడవల ప్రొపెల్లర్లకు బార్నకిల్ గుల్లలు పట్టకుండా ఆపే పూత అది. పూసినా కంటికి కనపడదు. గచ్చిబౌలిలోని ఆ చిన్న కంపెనీ రాజేందర్‌ది. పరీక్షలు చేసేది దీవెన. పరీక్ష నివేదిక మీద ఆమె సంతకం పడితే రేపు పూత డబ్బాలు కాకినాడ జాలర్లకు వెళ్లాలి.

"గుర్రపుడెక్క అడవి లెక్క పెరిగే చెరువు అది. గా నీళ్లల్లనే ఏం పట్టకపాయె, సముద్రంల ఏం పడతది? నీకు కుళ్లు, గంతే. సంతకం పెట్టు, లేకుంటే బ్యాగు సర్దుకో."

"గుల్లలు పట్టి నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే వాళ్ల పెళ్లాంబిడ్డలకు మీరు జవాబు చెబుతారా?"

"గిది చూసినంక గూడ ఇంకా అనుమానమేంది?"

"నేను చెరువులో రెండు ముంచానండి. పూత పూసింది నా బల్ల మీదుంది. మీ చేతిలో ఉన్నదానికి అసలు ఏమీ పూయలేదు. ఆ గుల్లలు ఉప్పునీళ్లలోనే బతుకుతాయి."

రాజేందర్ ప్రొపెల్లర్‌ను మెల్లగా కింద పెట్టాడు. లేచి వెళ్లి గాజుతలుపుకి గడియ వేశాడు.

"గీ ముచ్చట ఇంకెవరికి తెలుసు?"